నలుగురు పార్ట్‌నర్లు

అరిజోనా ఎడారిలో, యాభై అయిదేళ్ళు దాటితే తప్ప ఇల్లు అమ్మని ఊరు. ఊరంతటికీ ఒకటే క్లినిక్కు. మూడో నంబరు గదిలోకి నర్సు జోలీన్ అడుగు పెట్టేసరికే డెబ్బై ఎనిమిదేళ్ళ నెడ్రా హోల్ట్ కయ్యానికి కాలు దువ్వుతోంది. జోలీన్‌కి కూడా ఆ ఉదయం ఓపిక అంతంతమాత్రమే.

“నువ్వు వద్దన్నానా! ఇంకో నర్సుని పంపమన్నాను. బయట కూర్చున్న అమ్మాయికి మూడుసార్లు చెప్పాను.”

“ఇంకో నర్సు ఈ ఊళ్ళోనే లేదు మిసెస్ హోల్ట్. ఉన్నది నేనొక్కదాన్నే. కూర్చోండి.”

“అయితే డాక్టర్ని పంపు.”

“ఆయనే నన్ను పంపారు. ఆమధ్య ఒకసారి మీరు ఆయన మీదకి శాంపిల్ సీసా విసిరారట.”

“విసర్లేదు. చెయ్యి జారింది. అదీ ఖాళీదే.”

“చెయ్యి జారితే వెళ్ళి గోడకి తగిలిందా?”

“గట్టిగా జారింది.”

“చూడండి, నేను మిమ్మల్ని ఏమన్నానని? నెల్లాళ్ళలో మూడుసార్లు వచ్చారు, మూడుసార్లూ నా మొహం చూడగానే చేతిసంచీ తీసుకుని వెళ్ళిపోయారు. నేనేమైనా తప్పు చేస్తే చెప్పండి, దిద్దుకుంటాను.”

“నీ మొహానికేం, లక్షణంగా ఉంది. నువ్వు తప్ప ఎవరైనా ఫరవాలేదు, అంతే.”

“అదేం మాటండీ?”

“అదంతే. అడక్కు.”

“మీ ఫైలు మీద ఎర్ర చీటీ పడింది, తెలుసా? ‘మొండి పేషెంటు, జాగ్రత్త’ అని.”

“‘కొరకరాని కొయ్య’ అని రాయమను, ఇంకా బాగుంటుంది. ముప్ఫై ఒక్కేళ్ళు పోలీసు కంట్రోల్ రూములో ఫోన్లెత్తాను నేను. ఇల్లు తగలబడుతుంటే కూడా చిరునామా చెప్పకుండా కేకలేసేవాళ్ళని చూశాను. మొండివాళ్ళంటే వాళ్ళు. నాకు కావలసింది ఏమిటో నాకు తెలుసు, అది ఇస్తే లేచి వెళ్ళిపోతాను.”

“ఏం కావాలి?”

“మందు పొట్లాలు. పార్ట్‌నర్లకి ఇస్తారు చూడు, ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చేవి. అవి.”

“హమ్మయ్య. నేనూ దానికోసమే కూర్చున్నాను. మూడు నెలల క్రితం మీకు క్లమీడియా వచ్చింది, మందు వేసుకున్నారు, తగ్గింది. ఇప్పుడు మళ్ళీ వచ్చింది, మీ మందు మీకిచ్చాం. అంటే మీకు అంటించిన మనిషి మందు వేసుకోలేదన్నమాట. ఆయన పేరు ఇంతవరకూ మీరు చెప్పలేదు. డాక్టరుగారు అడిగినందుకే సీసా జారింది.”

“ఆయన పేరు అడిగినందుకు కాదు. అడిగిన తీరుకి. ‘ఈ వయసులో కూడానా, మిసెస్ హోల్ట్?’ అన్నాడు. ‘ఈ వయసులో’ అంట! పళ్ళు లేనివాళ్ళు తినడం మానేస్తారా?”

“ఆయన అలా అనకూడదు.”

“నువ్వూ అనుకుంటున్నావు, నోటితో అనడంలేదు.”

“నేనేమీ అనుకోవడంలేదండీ. సుఖవ్యాధి ఎవరికొచ్చినా—”

“ఆ పేరు పెట్టినవాడెవడో గానీ పెట్టాడు. వ్యాధి సంగతి నువ్వు రాసుకో. సుఖం సంగతి నన్నడక్కు.”

“సరే, సరే. నవ్వించకండి, నాకు పని ఉంది.”

“నవ్వు. ఈ క్లినిక్కులో నవ్విన మొహం చూసి ఎన్నాళ్ళయిందో. ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పు. నా రక్తం, నా మూత్రం, నా రిజల్టు. నాకంటే ముందు మా డ్వేన్‌గాడికి ఎలా చేరింది?”

“అది… మీరే ఆయనకి అనుమతి ఇచ్చారు. కంప్యూటర్లో మీ సంతకం ఉంది. రిజల్టు రాగానే మీకూ ఆయనకీ ఒకేసారి ఫోనుకి వెళ్ళిపోతుంది. మనిషి ఎవరూ పంపరు, దానంతటదే వెళ్తుంది.”

“అపాయింట్‌మెంట్లు గుర్తుచెయ్యడానికని ఇచ్చాను! కంటికి ఆపరేషను అయింది, తేదీలు కనబడటంలేదు, వాడు చూసి చెబుతాడని. నా ఒంట్లో ఏముందో వాడికి ఊదమని ఇచ్చానా? మనవరాలి కాలేజీ చదువైపోయిందని వాళ్ళ పెరట్లో విందు. వాడు పొయ్యి దగ్గర మాంసం కాలుస్తున్నాడు. జేబులో టింగుమంది. తీసి చదివాడు. అర్థం కాలేదట, పైకి చదివాడు! పెళ్ళాం విన్నది, వియ్యపురాలు విన్నది. వియ్యపురాలు అడిగిందట, ‘క్లమీడియా అంటే పూల మొక్క కాదూ?’ అని.”

“అయ్యో.”

“అయ్యో అంటే సరిపోతుందా?”

“సరిపోదు. తప్పు మాదే. ఫారం తయారుచేసినవాళ్ళు అన్నిటికీ కలిపి ఒకటే గడి పెట్టారు. ఎన్నిసార్లు మొత్తుకున్నానో.”

“మీ తప్పుకి తాళం నాకు. వాడు బయట కూర్చున్నాడు చూశావుగా? చేతిలో కాయితాలు. ఆ చివర భవనంలో, తలుపులకి తాళాలుండే వార్డులో నాకు గది చూసిపెట్టాడు.”

“తెలుసు. అందుకే చెబుతున్నాను, మీరు ఇవాళ నాతో సరిగ్గా మాట్లాడాలి. డాక్టరుగారు నా చేతికి ఒక ఫారం ఇచ్చారు. ‘విచక్షణ ఉన్నదా, లోపించినదా?’ అని ఒక ప్రశ్న. నేను ‘లోపించినది’ అని టిక్కు పెడితే మీ అబ్బాయి కాయితాలకి బలం వస్తుంది. పార్ట్‌నర్ల పేర్లు చెప్పకపోయినా, వాళ్ళెవరో మీకే గుర్తులేకపోయినా లోపించినట్టే అంటారాయన.”

“పేర్లు చెప్పకపోతే పిచ్చిదాన్నా?”

“నేననడంలేదు. ఆయనంటారు.”

“ఆయన అంటాడు, నువ్వు టిక్కు పెడతావు. ఇవాళ మంగళవారం. మతి పరీక్షంటే నూరులోంచి ఏడేసి తీసేస్తూ చెప్పాలి కదూ? తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది, డెబ్బై రెండు, అరవై అయిదు. గడియారం బొమ్మ గీసేదా? పెన్నియ్యి.”

“అక్కర్లేదు. ఎంతమంది పార్ట్‌నర్లో చెప్పండి చాలు. గత అరవై రోజుల్లో.”

“నాలుగు పొట్లాలియ్యి.”

“…ఎన్ని?”

“నాలుగు. చెవులు బాగానే ఉన్నాయా? నీకూ ఏదైనా ఫారం ఉందేమో చూడు.”

“నలుగురా! అరవై రోజుల్లో నలుగురు మగవాళ్ళా?”

“నలుగురు మగవాళ్ళని నేనన్నానా?”

“మరి?”

“నలుగురు పార్ట్‌నర్లన్నాను.”

“మిసెస్ హోల్ట్, నీళ్ళు నమలకండి. నేను మీ పక్షాన ఉండాలని చూస్తున్నాను. నలుగురని ఈ ఫారం మీద రాస్తే డాక్టరుగారు చదివి ఏమంటారో తెలుసా? వృద్ధుల మెదడులో ముందుభాగం దెబ్బతింటే సిగ్గూ, అదుపూ పోతాయి అంటారు. పుస్తకం తెరిచి చూపిస్తారు.”

“నాకు సిగ్గు పోయి చాలాకాలమైంది. అది మెదడు వల్ల కాదు, కొడుకుని కన్నందువల్ల. ఎవరది తలుపు కొట్టేది?”

“ఒక్క నిమిషం, లోపల పేషెంటు—”

“నేనే, డ్వేన్‌ని. నలభై నిమిషాలైంది మేడమ్. ఇంకా ఎంతసేపు? ఆ వార్డువాళ్ళు పన్నెండింటిదాకానే గది పట్టి ఉంచుతామన్నారు.”

“లోపలికి రాకూడదండీ.”

“వచ్చేశాను. అమ్మా, ఎందుకు అరుస్తున్నావు? అక్కడిదాకా వినబడుతోంది.”

“వినబడనియ్. నీ ఫోనుకి వెళ్ళాక ఇంక దాచడానికేముందిరా?”

“నీ మంచికోసమేనమ్మా. కొన్నాళ్ళు. అక్కడ అన్నీ చూసుకుంటారు. తోట ఉంది, పాటలు పాడిస్తారు.”

“తాళం ఉంది.”

“తాళం అంటే తాళం కాదు. తలుపు దగ్గర నాలుగు అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది.”

“ఆ అంకెలు నాకు చెబుతారా?”

“తోట చాలా పెద్దదమ్మా.”

“చెప్పరా, అంకెలు నాకు చెబుతారా?”

“అక్కడుండేవాళ్ళకి చెప్పరమ్మా. చెబితే ఇంక ఎందుకు?”

“విన్నావా జోలీన్? తాళం అంటే తాళం కాదట. ఒరే, మీ నాన్న పోయి పదకొండేళ్ళయింది. పదకొండేళ్ళూ నా బండి నేనే నడుపుకున్నాను, నా వంట నేనే చేసుకున్నాను. రెండో పెళ్ళానికీ మూడో పెళ్ళానికీ మధ్య నువ్వు ఎన్ని ఊళ్ళు తిరిగావో, ఏం తెచ్చుకున్నావో, మొదటి మందుల షాపు బిల్లు నా చిరునామాకే వచ్చింది. నీ మీద ఎవడైనా ఫారం నింపాడా?”

“అమ్మా! ఆవిడ ముందు ఆ మాటలెందుకు?”

“నా మాటలు వియ్యపురాలి ముందు చదివావే!”

“అది పొరపాటున చదివానని చెప్పానుగా! మేడమ్, మీరే చూస్తున్నారు. ఇదివరకు మా అమ్మ ఇలా మాట్లాడేది కాదు. చర్చి విందులకి కేకులు చేసేది. ఆ టిక్కేదో పెట్టేస్తే మేం వెళ్ళిపోతాం.”

“మిస్టర్ హోల్ట్, బయటికి నడవండి.”

“నేను ఆవిడ కొడుకుని.”

“తెలుసు. ఇవాళ్టిదాకా ఆవిడ ఫోను కూడా మీరే. ఇంక కాదు. ఇది పేషెంటు గది, ఆవిడ రమ్మంటే ఉండాలి, పొమ్మంటే పోవాలి. మిసెస్ హోల్ట్, ఉండమంటారా?”

“పొమ్మంటాను.”

“విన్నారుగా. తలుపు దగ్గరగా వెయ్యండి. గట్టిగా.”

“డాక్టరుగారితో మాట్లాడతాను.”

“మాట్లాడండి. కుడిచేతి వైపు రెండో గది. చెప్పి వెళ్ళండి, నర్సు కూడా మొండిదేనని.”

“వెళ్ళాడా?”

“వెళ్ళాడు. నీళ్ళు తాగండి. ఇంక రాడు, భయపడకండి.”

“భయపడనూ? భయమే నాకు. చెబితే నీకు విడ్డూరంగా ఉంటుందేమో. ఇంత నోరున్నదాన్ని, రాత్రంతా భయపడ్డాను. మా పక్కింటి డొలోరెస్‌ని పెట్టారు ఆ వార్డులో. చూడ్డానికి వెళ్ళాను. ‘నెడ్రా, నా చెప్పులు ఎందుకు తీసుకున్నారో కనుక్కో’ అంది. నడిచి వెళ్ళిపోతుందని చెప్పులు తీసేశారట. వచ్చేటప్పుడు నా చెప్పులు విప్పి ఇచ్చేసి వచ్చాను. మండుటెండలో సిమెంటు మీద ఉత్త కాళ్ళతో బండిదాకా నడిచాను. దాన్ని కూడా మా వాడు కాయితాల్లో రాసుకున్నాడు, ‘చెప్పుల్లేకుండా తిరుగుతోంది’ అని.”

“నెడ్రా గారూ, నాకు నిజం చెప్పండి. నేను మీ వైపే. నలుగురెవరు?”

“పేర్లడగనని మాటియ్యి.”

“మాటిచ్చాను.”

“అలా తేలిగ్గా కాదు. ఏం విన్నా, ఎవరని అడగవు.”

“అడగను. మీ మీద ఒట్టు.”

“నా మీద వద్దు, నాకిప్పటికే చాలా ఉన్నాయి. విను. మగవాడు ఒక్కడే.”

“ఒక్కడేనా?”

“ఒక్కడే. ఎనభై ఒకటి. పేరు ఆర్విల్ అనుకో. వాడి పేరు చెప్పినా నాకు పోయేదేం లేదు, ఆర్విలే. గోల్ఫు బండ్లు బాగుచేస్తాడు.”

“ఆర్విల్‌లో అంత ఏముందండీ?”

“చీకటి పడ్డాక కారు నడపగలడు.”

“…అంతేనా?”

“అంతేనా అంటావేంటి! ఈ ఊళ్ళో చీకటి పడ్డాక కళ్ళు కనబడే మగవాడు ఎంతమంది ఉన్నారనుకుంటున్నావు? సినిమాకి తీసుకెళ్తాడు, తిరిగి తీసుకొస్తాడు, గుంటల్లో పెట్టడు. పైగా నవ్విస్తాడు. మొదటిసారి నాకు జబ్బు వచ్చినప్పుడు మందు వేసుకో అని వాణ్ణి తరిమాను. వెళ్ళాడు, వచ్చాడు, ‘వేసుకున్నాను నెడ్రా’ అన్నాడు. రెండోసారి వచ్చాక జేబు వెతికితే ఏం దొరికిందో తెలుసా? విటమిన్ సీసా. డాక్టరుకి మొహం చూపించలేక షాపులో విటమిన్లు కొనుక్కుని మింగాడు వెధవ.”

“దేవుడా. సరే, ఒక పొట్లం ఆర్విల్‌కి. మిగతా మూడు?”

“గురువారం మధ్యాహ్నం క్లబ్బు హాల్లో మూలబల్ల మాది. బ్రిడ్జి ఆడతాం. నలుగురు ఆడవాళ్ళం. తొమ్మిదేళ్ళుగా.”

“ఊఁ.”

“మామూలుగా ఎవరి జోడీ వాళ్ళకి ఉంటుంది. మేం అలా కాదు. వారం వారం మార్చుకుంటాం, పోట్లాటలు రాకుండా. ఈ వారం ఒకామె నా పార్ట్‌నరు, వచ్చే వారం ఇంకొకామె, ఆపై వారం మూడో ఆమె.”

“అయితే పార్ట్‌నర్లంటే… పేకాటలోనా!”

“మరి నేనేమన్నాను? నెల క్రితం ఒక గురువారం ఆట మధ్యలో నాకు అనుమానమొచ్చింది. ఒకామె అంది, శనివారం సినిమాకి వెళ్ళొచ్చానని. రెండో ఆమె అంది, ఆదివారం సినిమాకి వెళ్ళొచ్చానని. ఈ ఊరినుంచి సినిమాహాలు పాతిక మైళ్ళు. ఇద్దరికీ సాయంత్రమైతే కళ్ళు కనబడవు. ముక్కలు బల్ల మీద బోర్లా పెట్టి అడిగాను. ‘ఎవరెవర్ని ఆర్విల్ తీసుకెళ్ళాడో చేతులెత్తండి’ అన్నాను.”

“ఎత్తారా?”

“మొదటామె ఎత్తింది. రెండో ఆమె మొదటామెని చూసి ఎత్తింది. నేనెత్తాను.”

“మూడో ఆవిడ?”

“ఆవిడ ఎత్తలేదు. బల్ల మీద ముక్కలన్నీ ఏరుకుని కలపడం మొదలుపెట్టింది. కలిపినవే కలిపింది, కలిపినవే కలిపింది. ‘చెయ్యెత్తక్కర్లేదులే’ అన్నాను. అప్పుడు ఏడ్చింది.”

“పాపం. మీకు కోపం రాలేదా వాళ్ళ మీద?”

“వచ్చింది. పదినిమిషాలు. మొదటామె నన్ను తిట్టింది, నేను రెండో ఆమెని తిట్టాను, నాకు అంటింది ఎవరి దగ్గర్నుంచో లెక్క తేల్చబోయాం. తేల్లేదు. తర్వాత ఎవరో నవ్వారు. ఇంక నలుగురం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం, ఏడ్చిన ఆవిడతో సహా. తొమ్మిదేళ్ళ ఆటని ఒక గోల్ఫు బండి మెకానిక్కు కోసం చెడగొట్టుకుంటామా? ఆర్విల్‌ని పిలిచి ఉతికి ఆరేశాం. వాడికేం, ఏడుపుమొహం పెట్టి, ‘మీరు నలుగురూ మంచివాళ్ళే’ అన్నాడు.”

“మరి ఆ ముగ్గుర్నీ ఇక్కడికి పంపండి. పరీక్ష చేస్తాను, మందిస్తాను. అదే పద్ధతి.”

“రారు.”

“సిగ్గుపడాల్సిందేమీ లేదని చెప్పండి.”

“సిగ్గు కాదు, టింగు. ఒక్కొక్కరి ఫైలు వెనక ఒక్కో డ్వేన్ ఉన్నాడు. ఒకామెకి కొడుకు, ఇంకొకామెకి కోడలు. రిజల్టు ఎవరి జేబులో మోగుతుందో వాళ్ళకి నా సంగతి చూశాక తెలిసిపోయింది. చెప్పుల్లేని వార్డు నాకొక్కదానికేనా, వాళ్ళకీ ఉందని భయం. అందుకని నేను చెప్పాను: ‘మీరు కదలొద్దు. ఎర్ర చీటీ ఎలాగూ నా మీద పడింది. నలుగురి మందూ నా పేరునే తెస్తాను.’”

“అందుకా నాలుగు పొట్లాలు.”

“అందుకే.”

“నలుగురు మగవాళ్ళతో తిరిగానని అనుకుంటే అనుకోనీ అని కూర్చున్నారా? ఆ టిక్కు పడితే తాళమేస్తారని తెలిసి కూడానా?”

“తెలిసే. ఏం చెయ్యమంటావు? ముగ్గుర్ని పట్టించి నేను బయటపడాలా?”

“నెడ్రా గారూ, ఒక చిక్కుంది. పార్ట్‌నరుకి మందు ఇవ్వమనే నియమం మీ పార్ట్‌నరు వరకే. ఆర్విల్‌కి ఇవ్వగలను. వాళ్ళు ఆర్విల్‌కి పార్ట్‌నర్లు గానీ మీకు కారు.”

“ఫారం చదువు. పైకి చదువు, మా డ్వేన్ చదివినట్టు.”

“‘గత అరవై రోజులలో పేషెంటుకు గల పార్ట్‌నర్ల సంఖ్య.’”

“ఎందులో పార్ట్‌నరో రాసిందా?”

“…రాయలేదు.”

“అరవై రోజుల్లో ఎనిమిది గురువారాలు. ముగ్గురూ నాకు పార్ట్‌నర్లే. కాదని ఎవరంటారో అనమను, స్కోరు పుస్తకం తెచ్చి చూపిస్తాను.”

“మీరు… మీరు మామూలు మనిషి కాదండీ.”

“నవ్వకు, రాయి.”

“రాస్తున్నాను. నాలుగు. పేర్లు చెప్పడానికి ఇష్టపడలేదు, అది పేషెంటు హక్కు. ఇదిగో, రెండో ఫారం. ‘విచక్షణ ఉన్నదా, లోపించినదా?’ ఉన్నది. టిక్కు. కింద నా సంతకం. ఇంకోటి, ఈ కాయితం మీద మీరు పెట్టండి. మీ అబ్బాయికి ఇచ్చిన అనుమతి ఈ క్షణం నుంచి రద్దు.”

“ఎక్కడ పెట్టాలి?”

“ఇక్కడ. ఇక్కడ కూడా.”

“డాక్టరు ఊరుకుంటాడా? నీ ఉద్యోగం పోతుందేమో చూసుకో.”

“ఇంకో నర్సు ఈ ఊళ్ళో లేదని ఇందాకే చెప్పాను. ఆయన కావాలంటే నా ఫైలు మీద కూడా ఎర్ర చీటీ అంటించుకోమనండి. పన్నెండేళ్ళుగా పేషెంట్ల పిల్లలు చెప్పిందే రాసుకుంటూ వచ్చాను నేను. ‘మా అమ్మకి ఏం తెలీదు, నన్నడగండి’ అంటే, తలూపి, వాళ్ళనే అడిగాను. పేషెంటు ఎదురుగా కూర్చుని ఉంటే ఆవిడ తల మీదుగా పిల్లలతో మాట్లాడాను. సిగ్గేస్తోంది నాకు.”

“ఇప్పుడు తెలిసిందిగా. పొట్లాలు తే.”

“తెస్తాను. కానీ మీ స్నేహితులకి చెప్పండి: వచ్చే మంగళవారం ఉదయం ఏడింటికి, క్లినిక్కు తెరవకముందు, వెనక తలుపు దగ్గరికి రమ్మనండి. నేను మాత్రమే ఉంటాను. పిల్లల అనుమతులు ముందు రద్దు చేయించి, ఆ తర్వాతే పరీక్ష. ఏ ఫోనూ మోగదు. మందు మింగేసి ఊరుకుంటే సరిపోదు, మూడు నెలలకి మళ్ళీ చూడాలి.”

“ఇద్దరు వస్తారు.”

“మూడో ఆవిడ?”

“ఆవిడ రాదు. నువ్వెంత చెప్పినా ఈ గుమ్మం తొక్కదు.”

“ఆవిడకి ఎవరూ లేరా చెప్పుకోవడానికి?”

“ఉన్నారు. బాగా చూసుకునే మనిషే ఉంది. అదే ఆవిడ బాధ.”

“బాగా చూసుకునేవాళ్ళయితే భయమెందుకు? చెప్పుకోవచ్చుగా. ఏమంటారు, కొడతారా?”

“కొట్టరు. జాలిపడతారు. అది ఇంకా ఘోరం.”

“…సరే. ఆవిడ ఇష్టం. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మనిషిని చూడకుండా మందిస్తున్నాను కాబట్టి కొన్ని ప్రశ్నలు అడిగి తీరాలి. పేర్లు వద్దు, ఒంటి సంగతి చాలు. ఆర్విల్‌కి ఏ మందైనా పడదా?”

“వాడికి పని తప్ప అన్నీ పడతాయి.”

“గుండె జబ్బు?”

“లేదు. ఉంటే ఈపాటికి పోయేవాడు.”

“ఇది ఆయనకి. ఒక్కసారే మింగాలి, ఏదైనా తిన్నాక. మీ ఎదురుగా మింగించండి. విటమిన్లు కాదు.”

“ముక్కు మూసి మింగిస్తాను.”

“మొదటావిడ?”

“పెన్సిలిన్ పడదు. ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి.”

“ఫరవాలేదు, ఇది ఆ జాతి మందు కాదు. రెండో ఆవిడ?”

“గుండె దడకి ఏదో మాత్ర వేసుకుంటుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.”

“చూశారా, అడగడం మంచిదైంది. ఆవిడకి ఈ మాత్ర ఇవ్వకూడదు, గుండెకి మంచిది కాదు. వేరేది రాస్తాను. ఏడు రోజులు, రోజుకి రెండు. ఎండలో తిరగొద్దని చెప్పండి.”

“ఈ ఊళ్ళో ఎండలో తిరగొద్దంటే మంచం కింద దూరాలి. సరే చెబుతాను. ఆ నాలుగోది కూడా సంచీలో వేసెయ్, వెళ్తాను.”

“ఆగండి. మూడో ఆవిడ ఏమేం మాత్రలు వేసుకుంటుంది?”

“మామూలువే.”

“మామూలువంటే?”

“ముసలివాళ్ళు వేసుకునేవి. ఇచ్చెయ్యి జోలీన్, ఆలస్యమవుతోంది.”

“ఇవ్వను. రెండో ఆవిడ సంగతి చూశారుగా. గుండెకి ఏమైనా వాడుతుందా? రక్తం పల్చబడటానికి? కిడ్నీలు ఎలా ఉన్నాయి? తెలియకుండా ఇస్తే మనిషే పోవచ్చు. అందరివీ చెప్పారు, ఈవిడ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తలుపు వైపు చూస్తున్నారు?”

“నాకు తెలీదు.”

“తొమ్మిదేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు, ఏం మాత్రలు వేసుకుంటుందో తెలీదా?”

“తెలీదన్నానుగా. అందుకే మొదట్నుంచీ ఇంకో నర్సుని పంపమని మొత్తుకున్నాను.”

“దానికీ దీనికీ ఏమిటి సంబంధం? నేను కాక ఇంకెవరైనా ఇదే అడుగుతారు. చెప్పండి, ఆవిడ మాత్రలేమిటి?”

“నన్నడుగుతావేంటి తల్లీ! ప్రతి ఆదివారం మీ అమ్మ మాత్రల డబ్బా నింపేది నువ్వే కదా.”